‘బాగా రాయాలి’ నుంచి ‘పేరాకు ఒక ఆధారం’ దాకా: తిరుపతి డిగ్రీ విద్యార్థిని రాతపై ఒక కేస్ స్టడీ

కేసు

విద్యార్థిని బి.ఏ. రెండో ఏడాది చదువుతోంది. కాలేజీ తిరుపతిలో, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలోది. ఉండేది హాస్టల్లో. సొంతూరు పాకాల వైపు, ఇంటికి రెండెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో చదవడం బాగానే అలవాటు, రాయడం మాత్రం పరీక్షల ముందే. పది మార్కుల ప్రశ్నకు ఆరు దాటడం లేదని, కాలేజీ పత్రికకు ఇచ్చిన వ్యాసం ‘ఇంకా బాగా రాయాలి’ అనే మాటతో తిరిగొచ్చిందని ఆమె ఫిర్యాదు.

ఇది ఒక్క మనిషి కేసు కాదు. ఎవరి వివరాలూ బయటపడకుండా, ఒకే రకం ఇబ్బందితో వచ్చే పలువురు విద్యార్థుల లక్షణాలు కలిపి కట్టింది. కింద వచ్చే కాగితాల లెక్కలు అలాంటి రాతల్లో కనిపించే స్థాయిని చూపడానికే, సర్వే ఫలితాలుగా తీసుకోవద్దు.

ఆమె వెంట తెచ్చుకున్న లక్ష్యాలు మూడు: రోజూ రెండు పేజీలు రాయడం, పదసంపద పెంచుకోవడం, తప్పుల్లేకుండా రాయడం. నోటుబుక్కు మొదటి పేజీలో, స్కెచ్ పెన్నుతో గీత కొట్టి మరీ రాసుకుంది. మూడూ మొదటి వారంలోనే ఎందుకు కూలిపోతాయో చెప్పుకుంటే మిగతా పని సులువవుతుంది.

రోజూ రెండు పేజీలంటే ఏమిటో కొలవొచ్చు, కానీ అది చేతి వేగాన్ని కొలుస్తుంది. నిన్న రాసిన నాసిరకం పేరానే ఇవాళ ఇంకో విషయం మీద రాసినా పేజీలు నిండుతాయి. పదసంపద మాటకొస్తే, దాన్ని పట్టుకుని చూసే చోటే లేదు. ఏ పదాలు, ఎన్ని, ఎక్కడ వాడాలి? చివరికి నిఘంటువు చూసి ‘ఆవశ్యకత’, ‘ప్రాముఖ్యత’ లాంటి బరువు మాటలు దించడం మొదలవుతుంది. మూడోది అన్నిటికన్నా ప్రమాదం. తప్పు రాస్తానేమో అన్న భయంతో రాసే విద్యార్థి తనకు ఖాయంగా తెలిసిన మాటల్లోనే తిరుగుతుంది, వాక్యం చప్పగా వస్తుంది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ లక్ష్యాల మీద దశాబ్దాల పాటు చేసిన పరిశోధనల సారం ఇక్కడ పనికొస్తుంది. ‘చేతనైనంత బాగా చెయ్యి’ అని వదిలేసిన వాళ్ల కంటే స్పష్టమైన, కొంచెం కష్టమైన లక్ష్యం పెట్టుకున్నవాళ్లు మెరుగ్గా చేస్తారు. అయితే పని కొత్తదీ చిక్కైనదీ అయినప్పుడు, నేర్చుకోవాల్సిన మెట్టు వదిలేసి ఫలితానికే గురిపెడితే అదే లక్ష్యం ఎదురు తిరుగుతుంది. విద్యార్థి రాత అచ్చంగా అలాంటి పని.

పాత కాగితాలతో మొదలు

లక్ష్యం విద్యార్థి కోరికలోంచి కాకుండా ఆమె కాగితాల్లోంచి రావాలి. అందుకే మొదటి వారం కొత్తగా ఏమీ రాయించలేదు. పాతవి నాలుగు తెప్పించాం: ఇంటర్నల్ పరీక్షలో రాసిన రెండు జవాబులు, ఒక అసైన్‌మెంటు, తిరిగొచ్చిన పత్రిక వ్యాసం. నాలుగూ కలిపి 22 పేరాలు, సుమారు 1,500 మాటలు. మూడుకు తగ్గితే అలవాటేదో, ఆ రోజు జరిగిన పొరపాటేదో తేలదు. ఆరు దాటితే లెక్కపెట్టే ఓపిక చచ్చిపోతుంది.

అసలు కాగితాల మీద గీయకుండా జిరాక్స్ తీయించి, విద్యార్థి చేతే పెన్సిలు పట్టించాలి. ఈ పని అధ్యాపకుడు చేసిపెడితే అది ఇంకో దిద్దుబాటుగా మిగిలిపోతుంది, ఆమె లక్ష్యం కాదు. ఒక్కో చదువుకు ఒక్కదాన్నే వెతకమని చెప్పాం.

మొదటి చదువులో, పేరా పక్కన అంచులో గుర్తు పెట్టాలి: ఇందులో చూసిన విషయం, పేరు, అంకె, ఎవరో అన్న మాట, ఏదైనా ఒక్కటి ఉంటే టిక్కు, లేకుంటే సున్న. 22 పేరాల్లో టిక్కులు 5. రెండో చదువులో ‘-డం జరిగింది’, ‘-డం జరుగుతున్నది’, ‘-బడింది’ వచ్చిన చోటల్లా గుండ్రం చుట్టాలి. 46 తేలాయి, అంటే వంద మాటలకు మూడు. మూడో చదువులో వాక్యం ముగియక ముందు వచ్చిన అసమాపక క్రియల కింద, అంటే ‘వెళ్లి’, ‘అడిగి’, ‘తెలుసుకొని’ లాంటి వాటి కింద గీత గీయాలి. మూడు కంటే ఎక్కువ గీతలున్న వాక్యాలు 19. నాలుగో చదువు వర్ణక్రమ దోషాలకు. ముందే ఆ చదువు పెడితే కన్ను అక్కడే ఆగిపోతుంది కాబట్టి కావాలనే చివర పెట్టాం.

పత్రిక నుంచి తిరిగొచ్చిన వ్యాసంలో ఒక పేరా ఇది:

‘మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో రైతులు అధికంగా మామిడి పండించడం జరుగుతున్నది. రైతు దేశానికి వెన్నెముక. కానీ నేడు గిట్టుబాటు ధర లేక రైతులు అనేక కష్టాలను ఎదుర్కొనడం జరుగుతున్నది. ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.’

వర్ణక్రమ దోషం ఒక్కటీ లేదు. వ్యాకరణం సరిగానే ఉంది. ఇందులో ‘మామిడి’ తీసేసి ‘టమాటా’ పెట్టినా, ‘చెరకు’ పెట్టినా, జిల్లా పేరు మార్చినా పేరా చెక్కుచెదరదు. జబ్బు అదే. తోట ఉన్న ఇంటి పిల్ల, చిన్నప్పటి నుంచి దామలచెరువు మండీ చూసిన పిల్ల, మామిడి గురించి ఎవరైనా రాయగల పేరా రాసింది. ఎందుకని అడిగితే వచ్చిన జవాబు: ‘అవన్నీ మా ఇంటి ముచ్చట్లు కదా సార్, వ్యాసంలో రాస్తారా?’ రాత గురించి బడిలో అబ్బిన నమ్మకం ఇది. తెలుగు నేర్పే మనం ఈ నమ్మకాన్ని గైడ్లతోనూ నమూనా వ్యాసాలతోనూ తరాల తరబడి పెంచి పోషించాం.

దేంతో మొదలుపెట్టాలి

నాలుగు లోపాలూ కనిపిస్తున్నప్పుడు నాలుగింటికీ ఒకేసారి లక్ష్యాలు పెట్టాలనిపిస్తుంది. వద్దు. రాస్తున్నప్పుడు బుర్ర ఒక్క కొత్త నియమాన్ని మోయగలదు. రెండో నియమం వచ్చేసరికి మొదటిది జారిపోతుంది. మూడు వారాలకు ఒక లక్ష్యం చొప్పున నాలుగు విడతలుగా కట్టాం. సెమిస్టరు పదిహేను పదహారు వారాలు ఉంటుంది కాబట్టి, మొదటి వారం పాత కాగితాలకు, చివరి వారాలు పరీక్షలకు పోయినా చోటు సరిపోతుంది.

వరుస మీద చాలామంది అధ్యాపకులతో పేచీ వస్తుంది. అక్షర దోషాలు ముందు దిద్దాలని వాళ్లు అంటారు. నా అభిప్రాయం వేరు. సరుకు లేని పేరాలో దీర్ఘాలూ ఒత్తులూ సరిచేయడం వృథా శ్రమ, ఎందుకంటే ఆ పేరా ఎలాగూ పోవాల్సిందే. ముందు సరుకు, తర్వాత వాక్యం, ఆ తర్వాత పేరాల వరుస, చివర గడియారం. అక్షర దోషాలు పక్కన నడిచే చిన్న పని, వాటికి విడతే అక్కర్లేదు.

లక్ష్యం కార్డు పోస్టుకార్డు సైజు అట్టముక్క మీద. మొదటిది ఇలా ఉంది:

ఏమిటి: ప్రతి పేరాలో నేను చూసింది, విన్నది, లెక్కపెట్టింది కనీసం ఒకటి ఉండాలి.
ఎప్పుడు: రాత్రి మెస్సులో తిని గదికి రాగానే, ఫోను ఛార్జింగుకు పెట్టి, 25 నిమిషాలు. వారానికి నాలుగు రోజులు.
ఎంత: ఒక పూటకు 120 నుంచి 150 మాటలు.
లెక్క: రాసిన మర్నాడు అంచులో టిక్కులు. రాసిన వెంటనే కాదు.
చాలు అనేది: వరుసగా మూడు రాతల్లో ఐదింట నాలుగు పేరాలకు టిక్కు పడితే తర్వాతి కార్డుకు వెళ్లాలి.

‘ఎప్పుడు’ దగ్గర గడియారం వేళ రాయకపోవడం కావాలనే. హాస్టల్లో మెస్సు వేళ ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. ఎనిమిదిన్నరకు అని రాసుకుంటే ఎనిమిదీ నలభైకి ‘ఇవాళ్టికి అయిపోయింది’ అనే సాకు సిద్ధంగా ఉంటుంది. ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను అని ముందే ముడివేసుకున్న నిర్ణయాలు వట్టి సంకల్పం కంటే ఎక్కువగా అమలవుతాయని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన పరిశోధన పత్రం తర్వాత ఈ పద్ధతి చాలా రంగాల్లోకి వెళ్లింది. వారానికి ఏడు రోజులు పెట్టకపోవడానికి కారణం ఇంకా సాదా: ఆదివారం ఊరికి పోయొస్తుంది, ఒకరోజు తలనొప్పి, ఇంకోరోజు కరెంటు పోతుంది. ఏడు పెట్టి నాలుగు చేస్తే ఓడిపోయినట్టుంటుంది. నాలుగు పెట్టి నాలుగు చేస్తే తర్వాతి వారానికి ఊపు ఉంటుంది.

మొదటి విడత: సరుకు

ఈ విడత మొదటి వారంలో లక్ష్యం టిక్కుల సంఖ్య కాదు, మూడు మెట్లు వరుసగా చేయడం మాత్రమే. రాయబోయే ముందు నాలుగు నిమిషాలు విషయం మీద తనకు నేరుగా తెలిసినవి ముక్కలుగా దించడం. వాటిలో రెండింటిని ఎంచుకోవడం. ఆ రెండింటి చుట్టూ పేరా కట్టడం. ఈ వరుస వెనక గట్టి ఆధారం ఉంది. బ్యారీ జిమ్మర్‌మన్, అనస్తాసియా కిట్సాంటాస్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో హైస్కూలు అమ్మాయిలు చిన్న చిన్న వాక్యాలను కలిపి తిరగరాసే పని నేర్చుకున్నారు. ముందు మెట్ల మీద గురి పెట్టి, అవి పట్టుబడ్డాక ఫలితం మీదకు గురి మార్చుకున్నవాళ్లు అందరికన్నా బాగా చేశారు. మెట్ల మీదే ఉండిపోయినవాళ్లు తర్వాత. మొదటి నుంచీ ఫలితం మీదే కన్నేసినవాళ్లు వెనక. తమ పని తాము రాసిపెట్టుకోవడం కూడా మేలు చేసింది.

ముడిసరుకు ఎక్కడి నుంచి? దానికి వెతుకులాట అక్కర్లేకపోయింది. రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు మొదటి ఏడాది తర్వాత చేసే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో ఆమె సొంత మండలంలోని మామిడి రైతుల ఇళ్లు తిరిగింది. ఆ లాగ్‌బుక్కు ట్రంకుపెట్టె అడుగున పడి ఉంది. ప్రాజెక్టు నివేదిక మార్కుల కోసం రాసి ఇచ్చేసింది, లాగ్‌బుక్కులోని సరుకు మాత్రం ఎక్కడా వాడలేదు. ఎవరి తోట ఎన్నెకరాలు, కాయ ఎప్పుడు కోశారు, కూలి ఎంత, ట్రాక్టరు బాడుగ ఎంత, గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డారు, అన్నీ అందులో ఉన్నాయి. ఈ జిల్లాల్లో డిగ్రీ చదివే ఎవరి దగ్గరైనా ఇలాంటి లాగ్‌బుక్కు ఒకటి ఉంటుంది. తీసి చూడండి.

అదే పేరా మూడో వారంలో:

‘తోతాపురి కాయ జూన్, జూలైల్లో ఒక్కుమ్మడిగా కోతకొస్తుంది. ఈ కాయలో ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది కాబట్టి ఫ్యాక్టరీ ఎప్పుడు తెరిస్తే రైతు అప్పుడు కోయాలి. ఆలస్యమైతే కాయ చెట్టు మీదే పండి రాలుతుంది, రాలిన కాయను ఫ్యాక్టరీ తీసుకోదు. 2025 సీజనులో కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం ఇంకో 4 కలుపుతుందని ప్రకటించారు. ఆ 12లో కోతకూలీ, బాడుగా పోగా రైతు చేతికి ఎంత వస్తుందన్నదే అసలు ప్రశ్న.’

భాష గొప్పగా మారిపోలేదు. కానీ ఈ పేరాలో పంట పేరు మారిస్తే నిలవదు. ‘రైతు దేశానికి వెన్నెముక’ అనే వాక్యాన్ని ఎవరూ కొట్టేయమనలేదు, దానికి చోటు లేక అదే పోయింది.

ఈ విడతలో తప్పకుండా వచ్చే చిక్కు ఒకటుంది, ఇక్కడా వచ్చింది. టిక్కుల కోసం అంకెలు కూరడం. రెండో వారం రాసిన ఒక వ్యాసంలో ‘మా ఊళ్లో 2 గుళ్లు, 3 బావులు ఉన్నాయి. బస్సు రోజుకు 4 సార్లు వస్తుంది’ అని వచ్చింది, మామిడి ధర మీద వ్యాసంలో. కొలతే గురి అయిపోయినప్పుడు జరిగేది ఇదే. కార్డు మీద చిన్న చేర్పుతో సరిపోయింది: ‘ఈ వివరం తీసేస్తే పేరాలో చెప్పిన మాట బలహీనపడాలి. పడకపోతే టిక్కు లేదు.’ ఆ వారం టిక్కులు సగానికి పడిపోయాయి. పడిపోవడమే కావాల్సింది, అప్పుడే లెక్క నిజమైంది.

రెండో విడత: ఎవరు చేశారు?

‘సర్వే చేయడం జరిగింది. రైతులను ప్రశ్నించడం జరిగింది. వివరాలు సేకరించబడినవి.’ సర్క్యులర్లలోనూ సీనియర్ల ప్రాజెక్టు నివేదికల్లోనూ చూసి చూసి, మర్యాదగా రాయడమంటే ఇదేనని విద్యార్థులు నమ్ముతారు. ‘మేం సర్వే చేశాం’ అని రాస్తే గొప్పలు పోయినట్టు ఉంటుందనే బిడియం కూడా కొంత. అసలు నష్టం ఏమిటంటే, పని కనిపిస్తుంది, చేసినవాళ్లు మాయమవుతారు. ధర ‘తగ్గించబడింది’ అంటే ఎవరు తగ్గించారు? ఫ్యాక్టరీయా, ర్యాంపు (కాయ కొని పోగేసే చోటు) దగ్గరి వ్యాపారా, మండీ దళారీయా? అది తెలిసిన విద్యార్థి కూడా ఈ క్రియ వాడి తెలియనట్టు రాస్తోంది.

మొదట కార్డు మీద ‘పేజీకి -డం జరిగింది ఒకటికి మించకూడదు’ అని పెట్టాం. పనిచేయలేదు. వారం తిరిగేసరికి ‘చేయడం జరిగింది’ పోయి ‘చేయబడింది’ వచ్చింది. అది కొట్టేస్తే ‘సర్వే నిర్వహణ పూర్తయింది’ అయింది. ఉండకూడనిది చెప్పే లక్ష్యానికి ఈ గుణం ఉంది, నీళ్లలా ఇంకో సందు వెతుక్కుంటుంది. కార్డు తిప్పి రాశాం: ‘ప్రతి వాక్యంలో పని చేసిన మనిషో, వస్తువో కనిపించాలి. ఎవరో తెలియకపోతే తెలియదని రాయాలి.’ పేరా రాశాక ఒక్కో క్రియ మీద వేలు పెట్టి ‘ఎవరు?’ అని బయటికి అడగడమే పరీక్ష. 150 మాటలకు రెండు నిమిషాలు పడుతుంది. ‘ధర తగ్గించబడింది’ కాస్తా ‘కాయ ఎక్కువగా వచ్చిన రోజు ర్యాంపులో ధర తగ్గించారు’ అయింది. ఆ ఒక్క వాక్యం సరిచేయడానికి ఆమె ఇంటికి ఫోను చేసి అడగాల్సి వచ్చింది.

అసమాపక క్రియల గొలుసును కూడా ఇదే విడతలో, మూడో వారంలో చూశాం. తెలుగుకు ఈ గొలుసు సహజం, దాన్ని చంపితే తెలుగే పోతుంది. ‘వాన పడి కాయ రాలింది’ అన్నప్పుడు కారణం ఉంది, చెల్లుతుంది. ‘రైతు టోకెను తీసుకొని, ఫ్యాక్టరీ మర్నాడు రమ్మని, లారీ అక్కడే ఆగి, బాడుగ పెరిగి నష్టపోయాడు’ అంటే క్రియ క్రియకూ కర్త మారిపోతున్నాడు, చదివేవాడు ప్రతిసారీ వెనక్కి పోవాలి. అందుకని నియమం క్రియల సంఖ్య మీద పెట్టలేదు. కర్త మారిన చోట వాక్యం ఆపాలి, అంతే. అదే వాక్యం ఇలా తేలింది: ‘రైతు టోకెను తీసుకొని ఫ్యాక్టరీకి వెళ్లాడు. వాళ్లు మర్నాడు రమ్మన్నారు. లారీ రాత్రంతా గేటు ముందే ఉంది, బాడుగ పెరిగింది.’

దీనికీ ఒక విరుగుడు అవసరమైంది. వాక్యాలు తెంచడం రుచి మరిగాక రెండు పేరాలు అచ్చంగా ఒకటో తరగతి వాచకంలా వచ్చాయి, అన్నీ మూడు నాలుగు మాటల వాక్యాలే. ‘పేరాలో కనీసం ఒక వాక్యం పన్నెండు మాటలు దాటాలి’ అని కలిపితే సర్దుకుంది.

మాండలికం సంగతి ఇక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే విద్యార్థి సొంత సరుకు రాయడం మొదలుపెట్టగానే ఇంటి భాష వెంట వస్తుంది. ‘వస్తా ఉండారు’, ‘పైటాల’, ‘మాపటేల’ లాంటివి కనపడగానే ఎర్రపెన్ను తీసే అలవాటు మానుకోవాలి. పాటించిన పద్ధతి ఇది: రైతు అన్న మాట కొటేషన్లో ఉన్నది ఉన్నట్టు, తోటా మండీలకు చెందిన పదాలు అక్కడ ఎలా అంటారో అలాగే, వ్యాసం సొంత గొంతులో క్రియలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరులో. ‘చెప్పినాడు’ అని మొదలుపెట్టి మధ్యలో ‘చెప్పాడు’, చివర ‘చెప్పెను’ అయితేనే తప్పు.

మూడో విడత: తిరిగి చూడటం

రాసిన రోజే దిద్దితే కళ్లకు కాగితం మీదున్నది కాక బుర్రలో ఉన్నది కనిపిస్తుంది. కనీసం ఒక రాత్రి గడవాలి. మర్నాడు, ప్రతి పేరా పక్కన అంచులో ఆ పేరా చెప్పేదేమిటో ఎనిమిది మాటల్లోపు రాయాలి. రాయలేకపోతే అందులో రెండు విషయాలున్నాయి, విడదీయాలి. రెండు పేరాల అంచుల్లో ఒకే మాట వస్తే ఒకటి తీసేయాలి. తర్వాత అంచులు మాత్రం పైనుంచి కిందకు చదవాలి. వాదం అడుగు దాటిన చోటు అక్కడే దొరుకుతుంది. మామిడి వ్యాసంలో ధర గురించి మొదటి పేరాలోనూ, ఐదో పేరాలోనూ ఉంది, మధ్యలో మూడు పేరాలు ఎరువుల మీద. ఐదును రెండో చోటికి జరిపితే చాలావరకు సమస్య తీరింది.

ఇంకొకరి చేత చదివించడం ఈ విడతలో రెండో భాగం. గదిలో ఉండే జూనియర్‌కు ఇస్తే ‘సూపర్‌గా ఉందక్కా’ అని తిరిగిచ్చింది. అది స్నేహం, అభిప్రాయం కాదు. బాగుందా అని అడగకూడదు. అడగాల్సినవి మూడు: చదువుతూ ఎక్కడ ఆగావు? ఇందులో నేను చెప్పేదేమిటో ఒక్క వాక్యంలో చెప్పు. ఏ మాట నమ్మబుద్ధి కాలేదు? ఈ ప్రశ్నలతో అదే జూనియర్ రెండు చోట్ల వేలు పెట్టింది, రెండూ సరైన చోట్లే.

విషయం తెలిసినవాళ్లకు వినిపించడం ఇంకా విలువైనది. మేనమామకు ఫోనులో చదివి వినిపిస్తే ఆయన పట్టుకున్నది వేరు: ‘కిలో లెక్క పేపరోళ్లది మా. మేం టన్ను లెక్కే చెప్పుకుంటాం. పన్నెండు వేలు అని రాయి.’ కిలో 12 రూపాయలంటే టన్ను 12,000. పాఠకుడికి కిలో లెక్క తెలుసు, రైతు టన్నుల్లో లెక్కేసుకుంటాడు, వ్యాసంలో రెండూ ఒక్కసారి చెప్పడం మంచిదైంది.

నాలుగో విడత: గడియారం

75 మార్కుల సెమిస్టరు పేపరుకు 3 గంటలు. మార్కుకు 2.4 నిమిషాలు, అంటే పది మార్కుల జవాబుకు 24, ఐదు మార్కుల దానికి 12. ఆ 24లో మూడు నిమిషాలు ముక్కలు దించడానికి, పద్దెనిమిది రాయడానికి, మూడు క్రియల మీద వేలు పెట్టి చదవడానికి. ఇంతకు మించి చెప్పడానికి లేదు, సాధన చేయడమే. మొదట అందరూ ఓడేది ఆ మూడు నిమిషాల ముక్కల దగ్గరే, పక్క బెంచీ వాళ్లు రాస్తుంటే తాము ఆలోచిస్తూ కూర్చోలేరు.

పక్కన నడిచిన పనులు

అక్షర దోషాలకు నోటుబుక్కు చివరి పేజీలో పన్నెండు మాటల సొంత పట్టిక, ఆమె కాగితాల్లో నిజంగా తప్పు పోయినవే. ‘అభివృద్ధి’, ‘విద్యార్థి’, ‘పరిస్థితి’, ‘శ్రద్ధ’ దాదాపు అందరి పట్టికలోనూ ఉంటాయి. ‘అర్థం’, ‘అర్ధం’ రెండూ ఉన్న మాటలే కాబట్టి ఫోనులో టైపు చేస్తే దిద్దే సాధనం పట్టుకోదు, కన్నే పట్టుకోవాలి. వరుసగా మూడు రాతల్లో ఒక మాట సరిగా వస్తే కొట్టేసి కొత్తది చేర్చాలి. ఎప్పుడూ పన్నెండే. యాభై మాటల పట్టిక తయారుచేసినవాళ్లు దాన్ని మళ్లీ తెరవరు.

లెక్కల పేజీలో ఐదు గళ్లు: తేదీ, విషయం, మాటలు, ఆ విడత లెక్క, ఎక్కడ ఆగిపోయానో ఒక్క వాక్యం. చివరి గడిని చాలామంది వదిలేస్తారు, అసలు పనికొచ్చేది అదే. ‘మొదటి వాక్యం దగ్గరే పది నిమిషాలు పోయాయి’ అని నాలుగుసార్లు కనిపించాకే, రెండో పేరాతో రాత మొదలుపెట్టాలన్న సర్దుబాటు దొరికింది.

ఆగిపోయిన వారాల గురించి. ఊళ్లో గంగ జాతర వచ్చింది, ఇంటర్నల్స్ వచ్చాయి. వాటిని ముందే క్యాలెండరులో సున్నా వారాలుగా గుర్తించి పెట్టుకోవాలి. ముందు అనుకోకుండా ఆగిపోతే బాకీ తీర్చే పని పెట్టుకోకూడదు. నాలుగు రోజులు పోయాయని వచ్చే వారం ఎనిమిది రోజుల పని చేయబోతే అదీ పోతుంది. అదే కార్డుతో, ఆపిన చోటు నుంచి మొదలుపెట్టడమే.

ఏం మారింది, ఏం మారలేదు

చివర రాసిన నాలుగు వ్యాసాల మీద మొదటి వారం లెక్కే మళ్లీ చేశాం. 20 పేరాల్లో కొత్త కఠిన నియమం ప్రకారమే 15కు టిక్కు. ‘-డం జరిగింది’ కుటుంబం వంద మాటలకు మూడు నుంచి ఒకటి లోపుకు. మూడు కంటే ఎక్కువ అసమాపక క్రియలున్న వాక్యాలు 19 నుంచి 4కు. మామిడి వ్యాసాన్ని పత్రిక తీసుకుంది, ఒక పేరా కోసి.

ఎత్తుగడ మారలేదు. మొదటి పేరా ఇప్పటికీ ‘నేటి సమాజంలో’ అని మొదలవుతోంది, దిద్దుబాటులో పోతోంది తప్ప రాసేటప్పుడే రాకుండా పోవడం లేదు. దానికి తర్వాతి సెమిస్టరులో వేరే కార్డు కావాలి. పరీక్షలో 24 నిమిషాల లెక్క మూడు జవాబుల వరకే నిలబడింది, నాలుగో దగ్గర పాత అలవాటు తిరిగొచ్చింది. మార్కులు కొంత పెరిగాయి, కానీ ఆ పెరుగుదలను ఈ లక్ష్యాల ఖాతాలోనే వేయడం సరికాదు. ప్రశ్నలు వేరు, దిద్దిన చేతులు వేరు.

వేరేవాళ్లకు వాడేటప్పుడు

వరుస అందరికీ ఒకటి కాదు. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చే, ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లల్లో సరుకు, వాదం బాగానే ఉండి విభక్తుల దగ్గర తడబాటు ఉంటే, వాళ్లకు రెండో విడత ముందుకు రావచ్చు. సైన్సు విద్యార్థుల రికార్డుల్లో అంకెలు ముందే ఉంటాయి, మొదటి కార్డు వాళ్లకు అక్కర్లేదు. వాళ్లకు లేనిది ఆ అంకె ఏం చెబుతోందో రాసే వాక్యం, కార్డు దాని మీద కట్టాలి. ఎవరికైనా ముందు పాత కాగితాలు నాలుగు, ఒక పెన్సిలు, జిరాక్సు ఖర్చు. ఒక్క కాగితం కూడా దాచుకోని విద్యార్థి వస్తే, రెండు వారాలు ఏ లక్ష్యమూ పెట్టకుండా నాలుగు రాతలు రాయించి, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి.